పదకొండో నంబరు గదిలో మంజుల

ఆ రోజుల్లో, అంటే మరీ తాతలనాటి రోజులేం కావు, ఫోనులో మనిషి మొహం చూస్తూ మాట్లాడడం మా చుట్టుపక్కల ఊళ్లల్లోకి అప్పుడప్పుడే వస్తున్న రోజుల్లో, నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి. ఒకటి, దయ్యాలు లేవని. రెండు, అబద్ధం అతికినట్టు చెప్పడంలో నన్ను మించినవాళ్లు లేరని. ఒక్క చలికాలంలో, ఒక్క గదిలో ఈ రెండూ పోయాయి. మొదటిది తర్వాత్తర్వాత సగం దాకా తిరిగొచ్చింది. రెండోది మళ్లీ నా గడప తొక్కలేదు. ఇప్పుడు నా కూతురు కూడా నా మొహం చూసి 'అమ్మా, నిజం చెప్పు' అంటుంది. నాకు ముప్పై దాటాయి కాబట్టి ఇక చెప్పేస్తే పోతుందని ఇదంతా రాస్తున్నాను. ఇందులో ఎవరి పేరూ చెప్పను. అందరూ నిజంగా ఉన్న మనుషులే, రేపు ఎక్కడో ఒకచోట ఎదురుపడతారు. పేరు చెప్పగలిగింది ఒక్క మంజుల పేరే. ఎందుకంటే మంజుల లేదు.

డిగ్రీ అయిపోయి బ్యాంకు పరీక్షలు రాస్తుండేదాన్ని. నేను వాటిని రాయడం, అవి నన్ను కాదనడం, ఈ రెండూ ఒక పద్ధతి ప్రకారం సాగుతుండేవి. వరంగల్ బజార్లో మా నాన్నది స్టీలు సామాన్ల దుకాణం. ఇంట్లో కూర్చుంటే గిన్నెలు తుడవమంటారని, హన్మకొండలో మా మేనత్త పెట్టిన లేడీస్ హాస్టల్లో వార్డెనుగా చేరాను. వార్డెన్ అంటే మీరు పెద్దగా ఊహించుకోకండి. ఇరవై రెండేళ్ల పిల్ల, చేతిలో తాళాలగుత్తి, చంకలో హాజరు రిజిస్టరు, పెద్దదానిలా కనబడాలని కట్టుకున్న అమ్మ చీర (అది రోజుకు రెండుసార్లు ఊడేది). హాస్టలు ఎక్కడో కాదు, మా మామయ్య ఇరవై ఏళ్లు నడిపిన కిరాణా కొట్టు మీదే. మామయ్యకు మోకాళ్లు అరిగాక కొట్టు మూసేసి, ఇంటి మీద రెండంతస్తులు లేపి, బోర్డు పెట్టి అత్తమ్మ కొత్త వ్యాపారం మొదలుపెట్టింది. సరుకు మారిందే గానీ, వ్యాపారం పద్ధతి మాత్రం పాతదే.

ఆ పద్ధతి ఏమిటో చెబితే తప్ప తర్వాతి కథ అర్థం కాదు. కిరాణా కొట్లో పై అరల నిండా సబ్బుల డబ్బాలు, టీపొడి డబ్బాలు, అగరబత్తుల డబ్బాలు బారులు తీరి ఉంటాయి చూడండి. ముందు వరుస తప్ప వెనకవన్నీ ఖాళీవే. కొత్తగా దుకాణం తెరిచినవాళ్లు పాత దుకాణాలకు వెళ్లి ఖాళీ డబ్బాలు అడిగి తెచ్చుకోవడం మా బజార్లో మామూలు మర్యాద. "ఖాళీ దుకాణంల ఎవ్వలు కాలు పెట్టరే. నిండుగ కనబడాలె" అనేది అత్తమ్మ సిద్ధాంతం. హాస్టల్లోనూ అంతే. కింది అంతస్తు నర్సింగ్ పిల్లలతో నిండింది. పై అంతస్తులో నాలుగు గదులు ఇంజినీరింగ్ పిల్లలతో నిండాయి. మూలకున్న పదకొండో నంబరు గది మాత్రం నిండలేదు. రెండు మంచాల గది అది. కిటికీ అవతల పక్కింటి గోడ, మధ్యాహ్నం కూడా లైటు వేసుకోవాలి. చూడ్డానికి వచ్చిన తల్లిదండ్రులు గడప దగ్గరే ఆగి, 'మళ్ల వస్తం' అని దిగిపోయేవారు. అత్తమ్మ రెండు వారాలు చూసి, ఒక మంచం మీద సరుకు పెట్టమని నాతో చెప్పింది.

ఆ పనిలో నేను చూపించిన శ్రద్ధ బ్యాంకు పరీక్షల్లో చూపించి ఉంటే ఈపాటికి మేనేజరును. అటక మీది రేకు పెట్టె దింపి, ఎవరైనా కాలితో నెట్టినా కదలకుండా లోపల రెండు ఇటుకలు పెట్టి తాళం బిగించాను. నా పాత పంజాబీ డ్రెస్సు గోడకు తగిలించాను. అరిగిన చెప్పులు మంచం కింద పెట్టాను. దిండు పక్కన మా పిన్ని కూతురి జువాలజీ పుస్తకం మొదటి పాఠం దగ్గర తెరిచి ఉంచాను. చివరికి ఒక కొత్త బకెట్ తెచ్చి ఎర్ర రంగుతో 'మంజుల - 11' అని రాశాను. హాస్టల్లో మనిషికి ఇంకేం లేకపోయినా నడుస్తుంది గానీ బకెట్ మీద పేరు లేకపోతే నడవదు. ఆ రంగు ఆరుతుంటే చూస్తూ, మంజుల ఎలా ఉంటుందో కూడా ఊహించుకున్నాను. నాకంటే పొడుగు, పొడుగు జడ, ఎక్కువ మాట్లాడదు. రిజిస్టర్లో పేరు ఎక్కించి, పేరెదురుగా హాజరు కూడా వేశాను. అత్తమ్మ వచ్చి చూసి, బాగుందే, ఇప్పుడే లేచి బయటికి పోయినట్టుంది అని మెచ్చుకుంది.

దసరా సెలవులు అయిపోయాక, స్టేషన్ ఘన్‌పూర్ అవతలి ఊరి నుంచి ఒక రైతు తన బిడ్డను తీసుకుని వచ్చాడు. ఆ పిల్ల ఇంటర్ మొదటి సంవత్సరం. అప్పటిదాకా రోజూ రైల్లో వచ్చి పోతుండేదట. చలికాలం పొద్దు తొందరగా పోతుందని, చీకట్లో ప్లాట్‌ఫారం మీద పిల్ల ఒక్కతే నిలబడడం ఇష్టంలేక హాస్టల్లో వేద్దామనుకున్నాడు. పిల్లను ఆయన చిన్ని అని పిలిచాడు కాబట్టి మేమూ అలాగే పిలిచాం. గది చూసి ఆయన అందరిలా గడప దగ్గర ఆగలేదు. లోపలికి వచ్చి, తెరిచి ఉన్న పుస్తకం దగ్గర ఒంగి, ముట్టుకోకుండా చూశాడు. ఎవరమ్మా ఈ పిల్ల అని అడిగాడు. నా నాలుకకు ఆ రోజు ఎదురు లేదు. మంజుల అని, క్లాసు ఫస్టని, తలెత్తి మాట్లాడదని, కాలేజీకి వెళ్లిందని చెప్పుకుంటూ పోయాను. ఏ ఊరు అన్నాడు. ములుగు దిక్కు అన్నాను. ములుగు దిక్కు వాళ్ల పెద్దక్కను ఇచ్చారట, ఏ ఊరని మళ్లీ అడిగాడు. ఇంకా లోపలికి అన్నాను. ఎంత లోపలికి అన్నాడు. చాలా లోపలికి, అడవిలోకి అన్నాను. (సబ్బు డబ్బాను ఎవరూ నీది ఏ ఊరని అడగరు. మనిషిని మా దగ్గర మొదట అడిగేది అదే. ఈ తేడా అత్తమ్మకూ తోచలేదు, నాకూ తోచలేదు.)

ఆయన ముఖం తేలికపడింది. "అయితే మా పిల్లను గీ పిల్ల జోడు ఎయ్యి మేడం. అది పుట్టిన కాన్నుంచి ఒక్కతి పండుకున్నది లేదు. తోడుంటెనే ఉంచుత, లేకుంటె చదువు మాన్పిచ్చి తీస్కపోత. వాళ్లమ్మకు మాటిచ్చిన" అన్నాడు. నేను భయంలేదన్నాను. నా లెక్క నాకుంది. పది రోజుల్లో ఎవరో ఒకరు కొత్త పిల్ల వస్తుంది, మంజులను తీసేసి ఆమెను వేస్తాం, అంతే. ఆ సాయంత్రం చిన్నితో, మంజులకు జ్వరం వచ్చి ఇంటికి వెళ్లిపోయిందని, పది రోజుల్లో వస్తుందని చెప్పాను. చిన్ని పెద్ద కళ్లతో ఆ మంచం వైపు, ఆ పెట్టె వైపు చూసి, సరే మేడం అంది.

మూడో రోజు పొద్దున ఉప్మా తింటూ, ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా ఆ పిల్ల నాతో ఒక మాట అంది.

"మేడం, నిన్న పొద్దుమీకి మంజులక్క వచ్చింది. జ్వరం తగ్గిందట."

అడగకుండానే ఆ పిల్ల ప్లేట్లో ఇంకో గరిటె చట్నీ వేశాను. రాలేదు అందామంటే ఎలా అంటాను? ఎందుకు రాదు అని అడిగితే ఏం చెప్పను? అబద్ధం చెప్పినవాళ్లకు ఉండే మొదటి కష్టం ఇదే, ఎదుటివాళ్లు దాన్ని పట్టుకుని ముందుకు నడిస్తే వెనక్కి లాగలేం. "అట్లనా, మంచిగైంది" అన్నాను. ఆ రోజు హాజరు తీస్తూ మంజుల పేరు దగ్గర పెన్ను ఆగిపోయింది. లేదని రాస్తే చిన్ని చూస్తుంది. ఉందని రాస్తే నేనేం రాస్తున్నట్టు? చివరికి ఉందనే రాశాను. ఎప్పుడూ సాఫీగా రాసే ఆ పెన్ను అక్కడ రెండుసార్లు గీతపడకుండా ఆగింది. నేను పెన్నును మార్చేశాను, మనసును మార్చుకోలేకపోయాను.

హాస్టలు మధ్యాహ్నం రెండు గంటలప్పుడు ఎలా ఉంటుందో అందులో పనిచేసినవాళ్లకే తెలుసు. పొద్దున అరవై మంది పిల్లలు కేకలు వేసిన చోట ఒక్క మనిషీ ఉండరు. తీగల మీద బట్టలు మాత్రం ఉంటాయి, ఖాళీ చేతులు వేలాడేసుకుని. ఆ రోజు కరెంటు కూడా లేదు. అత్తమ్మ కింద కునుకు తీస్తోంది. నేను తాళాలగుత్తి మోగకుండా గుప్పిట్లో పట్టుకుని పైకి వెళ్లాను. ఎందుకు మోగకుండా పట్టుకున్నానంటే చెప్పలేను. గది తలుపు తీశాను. మంజుల మంచం మీద నేను గీత గీసినట్టు పరిచిన దుప్పటి నలిగి ఉంది. పరుపు మధ్యలో, మనిషి కూర్చుని లేచినంత మేర, గుంట. గోడకు తగిలించిన డ్రెస్సు పక్కన ఒక తువ్వాలు, ముట్టుకుంటే తడి. దిండు దగ్గర నేను పెట్టని దువ్వెన, దానికి రెండు పొడుగాటి వెంట్రుకలు చుట్టుకుని ఉన్నాయి. (నాది భుజాల దాకా ఉండే జుట్టు.) జువాలజీ పుస్తకం మూడో పాఠం దగ్గర తెరిచి ఉంది, వాక్యాల కింద పెన్సిలు గీతలున్నాయి. మంచం కింద చెప్పులు నేను గోడవైపు మొన పెట్టి తోశాను. అవి ఇప్పుడు తలుపు వైపు తిరిగి ఉన్నాయి.

నేను గడప బయట నిలబడి, గదిలో ఎవరూ లేరని తెలిసి కూడా, "మంజులా?" అని పిలిచాను. ఆ పేరు పెట్టింది నేనే. ఆ బకెట్ మీద రంగు పూసింది నేనే. అయినా పిలిచి, జవాబు కోసం ఆగాను. జవాబు రాలేదు గానీ బాత్రూంలో కుళాయి చుక్క టప్పున బకెట్లో పడింది. మెట్లు ఎన్ని దిగానో తెలియదు. కింద అత్తమ్మ లేచి ఏమైందే అంటే ఉప్పు డబ్బా కోసం వచ్చానన్నాను. ఉప్పు డబ్బా నాకెందుకని ఆమె అడగలేదు, అదొక్కటి నయం.

ఆ తర్వాత రోజూ వెళ్లకుండా ఉండలేకపోయాను. వెళ్లకపోతే ఏం జరుగుతోందో అని భయం, వెళితే జరిగింది చూసి భయం. పెన్సిలు గీతలు రోజుకు మూడు నాలుగు పేజీల చొప్పున ముందుకు సాగుతున్నాయి. నేను బ్యాంకు పరీక్షలకు ఎప్పుడూ అంత క్రమంగా చదవలేదు. ఒకరోజు ధైర్యం చేసి పదో నంబరు గదిలోని ఇంజినీరింగ్ పిల్లలను, పక్క గదిలో మంజుల కనబడుతోందా అని మాట వరసకు అడిగినట్టు అడిగాను. వాళ్లు ఫోనుల్లోంచి తలెత్తకుండానే చెప్పారు, చూడలేదు గానీ వినబడుతుంటారు కదా మేడం, ఇద్దరూ ఒకటే ముచ్చట్లు, మాకు నిద్ర పడతలేదు అని. ఇద్దరూ అన్న మాట నా చెవిలో చాలాసేపు ఉండిపోయింది.

మా హాస్టల్లో ఒక కట్టుబాటు ఉండేది. సాయంత్రం బయటికి, స్టేషనరీ షాపుకైనా మిర్చిబజ్జీల బండికైనా, జంటగానే వెళ్లాలి. గేటు దగ్గర రిజిస్టర్లో ఇద్దరి పేర్లూ రాయాలి. గేటు దగ్గర కూర్చునేది ఒక అవ్వ. ఎవరు వచ్చారో ఎవరు పోయారో చెప్పడంలో అత్తమ్మకు ఆమె మీద ఎంత నమ్మకమంటే, కెమెరా పెట్టించడం కూడా మానేసింది. ఒక శుక్రవారం ఆ రిజిస్టరు తిరగేస్తుంటే చిన్ని పేరు కింద, వేరే చేతిరాతలో, కొంచెం ఎడమకు వాలిన అక్షరాలతో 'మంజుల, 11' అని కనబడింది. ఒకసారి కాదు, నాలుగు సాయంత్రాలు. నేను అవ్వ దగ్గర కూర్చుని, చిన్ని జోడు ఎవరు వెళ్లారు అని అడిగాను. అవ్వ వక్క నములుతూ నన్ను కిందామీదా చూసింది. "ఇద్దరు పోయిండ్రు, ఇద్దరు వచ్చిండ్రు. పొడుగు పిల్ల. మాట్లాడది" అంది.

పొడుగు అని నేను ఎవరికీ చెప్పలేదు. మనసులోనే అనుకున్నాను.

ఇక దాచలేక అత్తమ్మకు చెప్పేశాను. మొదట ఆమె నవ్వి, లేని పిల్ల వస్తే మంచిదేనని, ఫీజు అడగమని అంది. నా ముఖం చూసి తానే పైకి వెళ్లింది. రెండు నిమిషాల తర్వాత కిందికి వచ్చి, నీళ్లు తాగి, పర్సు తీసుకుని బజారుకు వెళ్లి బూడిద గుమ్మడికాయ తెచ్చింది. దాన్ని పదకొండో నంబరు గది ముందు కడితే పిల్లలు అడుగుతారని, కింద గేటుకు కట్టింది. కొత్త వ్యాపారానికి దిష్టి అని అందరికీ చెప్పింది. నాకు మాత్రం చాటుగా, సరుకు తీసెయ్యమని చెప్పింది. ఎవరు తియ్యాలి అన్నాను. పెట్టినదానివి నువ్వే కదా అంది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. సరుకు అక్కడే ఉండిపోయింది.

చిన్ని నాన్న రోజూ సాయంత్రం ఆరున్నరకు ఫోను చేసేవాడు. ముఖం కనబడే ఫోను. నేను హాజరు తీస్తూ ఆ గది ముందు నుంచి పోతుంటే, అక్క ఉన్నదా అని ఆయన అడగడం, 'తానం చెయ్యపోయింది బాపు, గిదో పుస్తకం' అని చిన్ని ఫోను అటు తిప్పడం రెండుమూడుసార్లు విన్నాను. విని నడక వేగం పెంచేదాన్ని. ఆ పిల్ల భయపడడం లేదు, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. పైగా చిన్నికి యూనిట్ టెస్టులో మంచి మార్కులు వచ్చాయి. మంజులక్క ప్రశ్నలు అడిగి చెప్పిస్తది మేడం, అందుకే, అంది.

డిసెంబరులో ఒక మధ్యాహ్నం, ఎనుమాముల మార్కెట్‌లో పత్తి అమ్ముకుని, ఆయన చెప్పకుండా హాస్టలుకు వచ్చాడు. చొక్కా మీద ఇంకా పత్తి నూగు ఉంది. చేతిలో గుడ్డమూట, అందులో రెండు సర్వపిండి రొట్టెలు. ఒకటి చిన్నికి, ఒకటి మంజులకట. ఆ పిల్లను ఒక్కసారి చూసి, నెత్తిమీద చెయ్యి పెట్టి పోతానన్నాడు. ఆ రోజు విద్యార్థి సంఘాల బంద్, కాలేజీలు లేవు. ఇంజినీరింగ్ పిల్లలు సినిమాకు పోయారు, చిన్ని పైనే ఉంది. పిల్లను చేర్పించాక మగవాళ్లు పైకి రాకూడదన్న మా నిబంధన నాకు ఆ రోజు ప్రాణం పోసింది గానీ, పైన వేరే పిల్లలెవరూ లేరు కదా, పర్వాలేదని అత్తమ్మే మర్యాదకు పోయి తీసేసింది. నేను ముందు, ఆయన వెనక మెట్లు ఎక్కాం. మంజుల ఊరికి పోయిందని చెప్పడానికి మెట్టు మెట్టుకూ నోరు తెరిచాను. తోడు లేకపోతే ఇప్పుడే బిడ్డను తీసుకుపోతాడని నోరు మూసుకున్నాను.

వరండా చివర మూల గది తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల మాటలు వినబడుతున్నాయి. ఒక గొంతు అడుగుతోంది, నెమ్మదిగా, బరువుగా, పెద్దదాని గొంతు. 'కప్పకు గుండెలో ఎన్ని గదులు?' కొంచెంసేపు ఏమీ లేదు. మంచం కిర్రుమంది. తర్వాత చిన్ని గొంతు, 'మూడు అక్కా'. మళ్లీ మంచం చప్పుడు. మళ్లీ ఆ బరువు గొంతు, 'ఇంకోసారి చెప్పు'. నేను ఒక అడుగు వెనక్కి వేశాను. నా పక్కన ఆయన ముఖం మాత్రం వెలిగిపోయింది. "అగో, ఇద్దరు చదువుకుంటాండ్రు" అని, నేను ఆపేలోపే తలుపు తోశాడు.

చిన్ని ఒక్కతే ఉంది. మంజుల మంచం మీద, మఠం వేసుకుని, మంజుల పుస్తకం ఒళ్లో పెట్టుకుని, తన ఖాళీ మంచం వైపు చూస్తూ కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేవబోయి లేవలేక అలాగే ఉండిపోయింది. ఆయన గది నలుమూలలా చూశాడు, తలుపు వెనక చూశాడు. చివరికి నన్ను చూశాడు. నేను గోడకు ఆనుకుని, అంతా చెప్పేశాను. ఖాళీ డబ్బాల దగ్గర్నుంచి బకెట్ దాకా. నేను ఏడ్చానని చిన్ని తర్వాత చెప్పింది, నాకు గుర్తులేదు.

నా తర్వాత చిన్ని చెప్పింది, నేల చూపులు చూస్తూ. రెండో రోజే పెట్టె కదిపి చూసిందట, లోపల ఇటుకల చప్పుడు వచ్చిందట. మంజులక్క లేదని తెలిసిపోయింది. మేడం చెప్పినట్టు ఊరికి పోయిందని బాపుతో అంటే ఆయన మర్నాడే వచ్చి తీసుకుపోతాడు. అందుకే వచ్చిందని చెప్పింది, బాపుకూ, నాకూ. ఫోనులో చూపించడానికి దుప్పటి నలిపింది, తువ్వాలు తడిపింది, తన వెంట్రుకలు దువ్వెనకు చుట్టింది. బయటికి జంటగా పోవాలన్నారు కాబట్టి రిజిస్టర్లో ఎడమచేత్తో పేరు రాసింది. ఇవన్నీ బాపు కోసమే, కానీ రాత్రుళ్లు ఎదురుగా ఖాళీ మంచం ఉంటే నిద్ర పట్టక, ఈ మంచం మీద కూర్చుని అడగడం, ఆ మంచం మీదికి పోయి జవాబు చెప్పడం మాత్రం తన కోసం చేసుకుందట. సరుకు పెట్టడంలో మూడు తరాల దుకాణందార్ల బిడ్డను నేను. పత్తిచేలోంచి వచ్చిన పదహారేళ్ల పిల్ల నా సరుకు నాకే అమ్మింది.

ఆయన కోప్పడతాడనుకున్నాను. మెల్లగా వచ్చి బిడ్డ మంచం మీద కూర్చున్నాడు.

"మేం గూడ బస్త మూతికాడ తెల్ల పత్తి పెట్టుకుంటం మేడం. కొనేటోడు లోపలికి చెయ్యి పెట్టి చూస్కుంటడు. నేనే చెయ్యి పెట్టి చూడలె" అన్నాడు. తర్వాత చిన్నివైపు తిరిగాడు. "నెలన్నర ఒక్కదానివే పండుకున్నవా బిడ్డా?"

చిన్ని తల ఊపింది. "ఒక్కదాన్నని అనిపియ్యలె బాపు" అంది.

ఆ మాటకు ఆయన ముఖం చూడలేకపోయాను. ఆయన లేచి గోడకున్న చిన్ని సంచీ తీసి, బట్టలు అందులో పెట్టసాగాడు. ఒక్కొక్కటీ మడతపెట్టి మరీ పెట్టాడు. చిన్ని మంజుల మంచం పట్టెను రెండు చేతులా పట్టుకుంది. ఏడవలేదు, బతిమాలలేదు, వదల్లేదు, అంతే. ఇక రెండు నిమిషాల్లో ఆ పిల్ల చదువు మెట్లు దిగిపోతుంది, దింపింది నేను. అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాట నేను అనుకున్నది కాదు.

"నేను పండుకుంట ఆ మంచంల. పరీక్షలు అయ్యేదాక."

ఆయన చెయ్యి ఆగింది. నా చేతుల వైపు చూశాడు, తాళాలగుత్తి గలగల వణుకుతోంది. "మీకు భయం గాదా మేడం?" అన్నాడు. లేదన్నాను. అది నా జీవితంలో నేను చెప్పిన చివరి పెద్ద అబద్ధం, గదిలో ఉన్న ముగ్గురిలో ఎవరూ నమ్మలేదు. అయినా ఆయన సంచీలోంచి బట్టలు ఒక్కొక్కటే బయటికి తీశాడు. సర్వపిండి మూట విప్పి, ఒకటి చిన్నికిచ్చి, రెండోది నా చేతిలో పెట్టాడు. తినేదాకా నిలబడి చూశాడు.

ఆ సాయంత్రమే నా చాప, దిండు, బ్యాంకు పుస్తకాలు పైకి తెచ్చుకున్నాను. రేకు పెట్టెలో ఇటుకలు తీసేసి నా బట్టలు పెట్టాను. సర్దుతూ, మిగతావన్నీ సరే గానీ చెప్పులు తలుపు వైపు ఎందుకు తిప్పావని చిన్నిని అడిగాను. ఆ పిల్ల అయోమయంగా చూసి, "నేను చెప్పులు ముట్టలె మేడం. పాత చెప్పులు, నాకేం పని?" అంది. పొడుగు పిల్ల సంగతి అవ్వనూ అడిగాను. చిన్ని ఒక్కతే పోయిందంటే అత్తమ్మ తిడుతుందని ఇద్దరని అన్నావా అంటే, తాను ఏ రోజూ అబద్ధం చెప్పలేదని అలిగి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత నేను ఆ విషయం ఇంకెవరినీ అడగలేదు. చెప్పులు మాత్రం పారేశాను.

ఆరున్నరకు ఫోను మోగింది. ఆయన ఊరికి చేరుకున్నాడు, వెనక కుక్కలు మొరుగుతున్నాయి. తిన్నవా అని అడిగాడు, చలి ఉందా అని అడిగాడు. ఆ తర్వాత, ఎప్పటిలాగే, "అక్క ఉన్నదా?" అన్నాడు. చిన్ని ఫోను ఇటు తిప్పింది. నేను దుప్పటి గడ్డం దాకా లాక్కుని, మంచానికి ఒక అంచున కట్టెలా బిగుసుకుని, మిగతా సగం ఎవరికో వదిలిపెట్టినట్టు పడుకుని ఉన్నాను. ఆ చిన్న అద్దంలో ఆయన కళ్లు దగ్గరికి వచ్చి చాలాసేపు చూశాయి. నేను చెయ్యి ఊపాను. "ఆఁ. ఉన్నది" అన్నాడు, ఫోను పెట్టేశాడు.

చిన్ని రెండేళ్లు అక్కడే చదివింది, నేనూ రెండేళ్లు ఆ మంచం మీదే పడుకున్నాను. ఇప్పుడు ఆ రాత్రిని తలుచుకుంటే, అమ్మ చీరలో వణికిపోతూ ఫోనుకు చెయ్యి ఊపిన ఆ ఇరవై రెండేళ్ల వార్డెన్ మేడం కళ్లముందుకు వచ్చి, ఒక్కదాన్నే ఉన్నా పకపకా నవ్వొస్తుంది. అప్పటిదాకా నన్ను ఎవరూ ఎవరికీ తోడుగా ఉండమని అడగలేదని, ఆ రోజు కూడా అడగలేదని, నేనే ఉంటానని అన్నానని, నవ్వు అయిపోయాక మెల్లగా గుర్తొస్తుంది.